ఎరుకమ్మ భయం

పాఠం మధ్యలో వాన మొదలైంది.

రేకుల కప్పు మీద చినుకులు పడగానే సంతోషకుమారి చేతిలోని సుద్దముక్క జారిపోయింది. గుండె దడదడలాడింది. ఊపిరి గొంతు దగ్గరే ఆగిపోయింది. పిల్లలు చూస్తుండగానే తరగతి వదిలి వరండాలోకి పరుగెత్తింది.

వాన వెలిశాక హెడ్మాస్టరు శేషయ్య పిలిపించారు.

“ఇలా ఎన్నిసార్లు టీచర్? డాక్టరేమో గుండెకి ఏ జబ్బూ లేదంటాడు. మళ్ళీ జరిగితే నేను పైకి రాయక తప్పదు. మీ ఉద్యోగం పోతుంది. పోనీ ఈ దీవి వదిలి మెయిన్‌లాండ్ వెళ్ళిపోకూడదూ? అక్కడ ఇన్ని వానలుండవు.”

“నేను పుట్టింది ఇక్కడే, బ్రూక్షాబాద్‌లో సార్. అక్కడ నాకెవరున్నారు?”

వానంటే ఎందుకు భయమో మాత్రం చెప్పలేదు. ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

డాలీగంజ్‌లో ఆమె అద్దెకుండేది కూడా రేకుల ఇల్లే. భర్త యేసురాజుకి ఓడలో పని. వస్తే నాలుగు రోజులు, వెళ్తే నెల. పక్క వాటాలో ఎరుకమ్మ అనే ముసలావిడ ఒక్కతే ఉంటుంది. ఎండుచేపలు అమ్ముకుంటుంది.

“ఆ ముసలి బుడ్డీకి ఘమండ్, పొగరు ఎక్కువ దీదీ,” అని ఎదురింటి ప్రమీల ముందే చెప్పింది. “వెనకనుంచి గొంతు చించుకుని పిలవండి, తిరిగి చూస్తే ఒట్టు!”

సంతోషకుమారి కూడా ఒకటి రెండుసార్లు పిలిచి, ఇక ఊరుకుంది.

ఆ సాయంత్రం మళ్ళీ వాన పట్టుకుంది. కరెంటు పోయింది. సంతోషకుమారి మంచం పక్కన నేల మీద ముడుచుకుని చెవులు మూసుకుంది.

కాసేపటికి తల ఎత్తితే, కిటికీ అవతల లాంతరు పట్టుకుని ఎరుకమ్మ. తడిసి ముద్దయిపోయి ఉంది.

“తలుపు తియ్యమ్మా! నాకు వానంటే బయం. ఒక్కర్తినీ ఉండనేను. నీ కాడ కూకుంతాను.”

సంతోషకుమారికి విసుగొచ్చింది. కానీ తడిసిన ముసలిదాన్ని వాకిట్లో నిలబెట్టలేకపోయింది.

ఎరుకమ్మ లోపలికొచ్చి ఎదురుగా చతికిలబడింది. లాంతరు ఇద్దరి మధ్యకీ జరిపింది. సంతోషకుమారి చేతులు రెండూ పట్టుకుంది.

“ఏదో ఒకటి సెప్పమ్మా. నా బయం పోవాల.” ఎరుకమ్మ ఏం మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది.

“ఏం చెప్పను?”

“పిల్లలికి ఏటి సెప్తావో అదే సెప్పు.”

భయపడే మనిషిని ఎదురుగా పెట్టుకుని తనూ భయపడితే ఎలా? సంతోషకుమారి వణుకుతూనే ఎక్కాలు మొదలుపెట్టింది.

“ఈ హోరులో వినపడుతోందా? గట్టిగా చెప్పనా?”

“అక్కర్నేదు. మొకం సూపించు, సాలు.”

పదమూడో ఎక్కానికి వచ్చేసరికి ఊపిరి కుదుటపడింది.

ఆ వానాకాలమంతా అంతే. మబ్బు పట్టడం, ఎరుకమ్మ గుమ్మంలో ప్రత్యక్షం కావడం.

“ఇదిగో, నీ ముసల్దానికి బయమేసింది!”

ఎక్కాలయ్యాయి. పద్యాలయ్యాయి. బైబిలు కథలూ అయ్యాయి. ఒకనాడు చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు.

“మా నాన్న వాన పడితేనే కొట్టేవాడు,” అంది సంతోషకుమారి. “నన్నూ, అమ్మనీ. రేకుల చప్పుడులో మా ఏడుపు పక్కింటికి వినపడదని. నాన్న పోయాడు, అమ్మా పోయింది. ఆ చప్పుడు మాత్రం...”



ఎరుకమ్మ రెప్ప వెయ్యలేదు. “ఆగిపోకు. మొత్తం సెప్పీయ్. నానున్నాను కదా.”

మొత్తం చెప్పేసింది. వాన ఎప్పుడు వెలిసిందో ఆమె గమనించనే లేదు.

తర్వాతి వారం, పాఠం మధ్యలో వాన మొదలైంది.

గుండె దడదడలాడింది. సంతోషకుమారి గుమ్మం వైపు ఒక అడుగు వేసింది. ఆగింది. సుద్దముక్కని గట్టిగా పట్టుకుని పిల్లల వైపు తిరిగింది.

“అందరూ నా మొహం చూడండి!”

హోరులో మాట వినపడటం లేదు. ఒక్కొక్క మాటనీ నోరు బాగా తెరిచి, నెమ్మదిగా పలికింది. పిల్లలు కళ్ళప్పగించి చూశారు. చూసినదాన్ని చూసినట్టే పలికారు. ఇదేదో కొత్త ఆటలా ఉంది వాళ్ళకి. వాన పెరిగింది, వాళ్ళ గొంతులూ పెరిగాయి. రేకులు ఓడిపోయాయి. పాఠం చివరిదాకా నడిచింది.

గుమ్మంలో శేషయ్య గొడుగు మూయడం కూడా మరిచిపోయి నిలబడ్డారు.

“ఇంత వానలో మీ మాట వాళ్ళకెలా వినపడింది టీచర్?”

“వినపడక్కర్లేదు సార్. మొహం చూస్తే చాలు.”

ఆ సంగతి చెప్పగానే ఎరుకమ్మ బోసినోరు తెరిచి పకపకా నవ్వింది.

“అయితే నాకూ బయం పోనాది!”

ఆ తర్వాత ఆవిడ వానకి ఎప్పుడూ రాలేదు. సంతోషకుమారే వెళ్ళేది, టీ తాగడానికి.

మరుసటి వేసవిలో ఎరుకమ్మ నిద్రలోనే పోయింది. కబురందుకుని మేనల్లుడు సూరయ్య విశాఖపట్నం నుంచి వచ్చి ఓడ దిగేసరికి అన్నీ అయిపోయాయి.

అతను అత్త సామాను సర్దుతుండగా కొత్త వాన పట్టుకుంది. రేకులు మోగిపోతున్నాయి. సంతోషకుమారి గుమ్మంలో నిలబడి, చూరు ధార కింద అరచెయ్యి పట్టింది.

“ఈ చప్పుడంటే మీ అత్తకి ఎంత భయమో! నా చేతులు వదిలేది కాదు, పాపం,” అంది కళ్ళు తుడుచుకుంటూ.

సూరయ్య కడుతున్న మూట వదిలేసి అయోమయంగా చూశాడు.

“ఏ సప్పుడు టీచరమ్మా? అత్త మన పెదాలు సూసి మాటాడేది. సిన్నప్పుడు మా తాత కొట్టిన దెబ్బలకి ఆవిడికి రెండు సెవులూ పోనాయి.”