అయిదున్నర గంటలు వెనక

"తవిటమ్మంటే నువ్వేనా?"

ఈశ్వరప్రసాద్ తల కూడా ఎత్తలేదు. రాయగడలో వీధులూడ్పించే కాంట్రాక్టరు దగ్గర అతను గుమస్తా. హాజరు చూసేదీ, పేరు కొట్టేసేదీ అతనే.

"నానే బాబూ."

"రాత్రి పదకొండున్నరకొచ్చి హాజరు మిషన్లో వేలు పెట్టేసి పోతున్నావు. తెల్లారి డ్యూటీ ఎవరు చేస్తారు, మీ తాతా?"

"రాతిరి నానెందుకొస్తాను బాబూ? అయిదుకల్లా సీపురు నా సేతుల ఉంటాది. కావాలంటే పొద్దున్నే వచ్చి సూడండి."

పదింటికిగానీ కుర్చీలో కూచోని మనిషి అయిదింటికొచ్చి చూస్తాడా?

"కంప్యూటరుకి నీ మీద పగేటి? నెల్లాళ్ళూ ఇదే వరస. రేపట్నుంచి రాకు."

పిల్లల మీద ఒట్టేసింది. బతిమాలింది. ఆ కూలి తప్ప వేరే దిక్కు లేదంది. అతను పేరు కొట్టేసేడు.

ఆ కంప్యూటరు తెర మూలన టైము అయిదున్నర గంటలు వెనక నడుస్తోందని అతనికి తెలీదా అంటే, శుభ్రంగా తెలుసు. అందులో కొత్తగా లినక్స్ అనే సాఫ్ట్‌వేరు ఎక్కించిన రోజునుంచీ అంతే. చేతికి వాచీ ఉంది కదా, దాంతో మనకేటి పని అనుకున్నాడు మహానుభావుడు.

రెండు నెలలకి ప్రింటరు మొరాయిస్తే తెరుబలి నుంచి సత్తిబాబని మెకానిక్కు వచ్చేడు. పని ముగించి లేవబోతూ స్క్రీను మూలకి చూసేడు.

"ఇదేటండి, మీ కంప్యూటరు లండన్లో కాపురముంటందేటి?"

"మొదట్నుంచీ అంతేనయ్యా."

"గడియారం తప్పు కాదండి, ఊరు తప్పు. మన దేశం టైము రావాలంటే కోల్‌కతా అని పెట్టాలి."

కంప్యూటర్లో నల్లటి తెర తీసి ఒక్క వరస ఆదేశం కొట్టేడు. టీ చల్లారేలోగా అయిపోయింది. టైముతోపాటు హాజరు పట్టీలో పాత అంకెలు కూడా మారిపోయేయి.

"పాతవెందుకు మారేయి?"

"లోపల సరిగ్గానే రాసుకుందండి. మనకి సూపించడమే తప్పు సూపించింది."

ఆరింటికొచ్చినవాళ్ళు ఇన్నాళ్ళూ రాత్రి పన్నెండున్నరకి వచ్చినట్టు ఉన్నారు. తేదీ మారలేదు గనక మిషను వాళ్ళకి హాజరు వేసేసింది. హాజరు పడినవాళ్ళ టైము ఎవడు చూస్తాడు? అయిదింటికొచ్చినవాళ్ళు మాత్రం ముందురోజు డ్యూటీ ముగిసేక, మిషను హాజరు వెయ్యని వేళకి, రాత్రి పదకొండున్నరలోకి పోయి పడ్డారు. అలా పడింది ఒక్కర్తే.

తవిటమ్మ, అయిదు. తవిటమ్మ, నాలుగూ యాభై ఎనిమిది. తవిటమ్మ, అయిదు.

ఈశ్వరప్రసాద్ ఆ పట్టీని చివరిదాకా చదివేడు.

మర్నాడు, ఉద్యోగంలో చేరిన తరవాత మొదటిసారిగా, ఆరింటికే ఆఫీసుకొచ్చేడు. తవిటమ్మ పక్క వీధి ఊడ్చే పుణ్యవతి వేలు పెట్టడానికి వస్తే ఆపేడు.

"తవిటమ్మని రమ్మను. పేరు మళ్ళీ ఎక్కిస్తాను."

"ఎక్కడికని కబురెట్టీది బాబూ? పిల్లల్ని తీసుకుని ఇటికల బట్టీకి ఎల్లిపోనాది. ఏ ఊరో ఎవులికీ తెల్దు. పోను సేసినా కలవదు."

అతనికి సిగ్గేసింది. ఆ సిగ్గు ఇప్పుడెవరికి కావాలి?

"డ్యూటీ ఆరింటికైతే అయిదుకే ఎందుకొచ్చేది?"

పుణ్యవతి కళ్ళు నేలమీదే ఉన్నాయి.

"నాకప్పుడు నెలలు నిండేయి బాబూ, వంగలేకపోయేదాన్ని. సెప్తే నా పేరు కూడా కొట్టేస్తారని, తవిటమ్మ పేరు కొట్టేసిన రోజు నోరెత్తనేదు. ఆరింటికొచ్చి వేలు మాత్రం నాను పెట్టీదాన్ని, నా ఈది అప్పటికే తవిటమ్మ ఊడ్సేసీది."