వంతెనకు ఈ ఒడ్డున

“కాఫీలో చక్కెర ఎవరు వెయ్యమన్నారు?” అంది బెవ్, సింకు కింద నుంచి తల బయటికి పెట్టకుండానే. “పారబోసి ఇంకోటి పట్రా.”

“సరే బాస్,” అన్నాడు వెండెల్. కప్పు తీసుకుని ఎడమచేతి చిటికెన వేలు మడిచాడు.

బెవ్ ప్లంబరు. నలభై ఏళ్ళుంటాయి. వెండెల్ ఆమె దగ్గర అప్రెంటిస్. అరవై దాటాయి.

మోలిన్‌లో ఇల్లినాయ్ రాష్ట్రాన్ని అయోవా రాష్ట్రంతో కలిపే వంతెన దగ్గర, నది పక్కనున్న ఆ హోటలు కోరిన్‌ది. వంటగదికి కొత్త పైపులు వేయిస్తోంది. తెల్లారితే శుక్రవారం. ఈస్టరు ముందు వచ్చే లెంట్ ఉపవాసాల్లో శుక్రవారం ఊరు ఊరంతా మాంసం మాని వేపుడు చేపలకి వస్తుంది. సాయంత్రం ఇన్‌స్పెక్టరు చూసి సరేనంటేనే నీళ్ళు వదలాలి. చేపలు అప్పటికే ఐసులో ఉన్నాయి.

పైపుల సంగతి బెవ్ చూసుకుంటుంది. ముసలాయన మధ్యలో రెంచి విసిరికొట్టి పోతాడేమోనని కోరిన్ భయం. అతను పోతే మిగతా పని బెవ్ ఒక్కతే సాయంత్రానికి ముగించలేదు.

“అది రెంచి. గరిటె కాదు,” అంది బెవ్.

వెండెల్ ఇంకో వేలు మడిచాడు.

“నువ్వు ఆలోచించకు తాతా. అప్రెంటిస్‌వి. మొయ్యి, చాలు.”

ఇంకో వేలు.

కోరిన్ ఉండబట్టలేక అతన్ని పక్కకి పిలిచి యాపిల్ పై ముక్క పెట్టింది. ఈ వయసులో ఈ మాటలు పడటం దేనికని అడిగింది.

“ఇల్లినాయ్ లైసెన్సు లేదమ్మా,” అన్నాడు వెండెల్ తింటూ. “మళ్ళీ మొదట్నుంచీ పరీక్షలు రాసే ఓపిక ఎక్కడిది?”

“మరి ఆ వేళ్ళు మడుస్తున్నావేంటి?”

“గుర్తుండాలి కదమ్మా.”

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బెవ్ లైసెన్సు చూశాడు, జాయింట్లు తడిమాడు. వెండెల్‌ని చూపిస్తూ ఇతనెవరని అడిగాడు. అప్రెంటిస్ అంది బెవ్. ఆమె పక్కన లేకుండా ఇతను ఈ ఊళ్ళో పైపు ముట్టుకోకూడదని ఇన్‌స్పెక్టరు హెచ్చరించాడు. తెలుసన్నట్టు వెండెల్ తలూపాడు. నీళ్ళు వదలమని చెప్పి ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోయాడు.

కోరిన్ ఊపిరి పీల్చుకుంది. ఇక మొహమాటం లేదు. బెవ్ వినేలాగే అడిగింది.

“ఏమయ్యా, నా దగ్గర గిన్నెలు కడగడానికి వస్తావా? జీతం అంతే ఇస్తా. మాటలు మాత్రం పడక్కర్లేదు.”

వెండెల్ తన చేతి వంక చూసుకున్నాడు. సాయంత్రానికి అన్ని వేళ్ళూ మడిచే ఉన్నాయి.

“రేపటి పని వదులుకోలేనమ్మా,” అన్నాడు.

పాపం, ఎంత భయపెట్టిందో అనుకుంది కోరిన్.

బెవ్ కూడా ఆ పిడికిలి చూసింది. నిచ్చెన తనే భుజాన వేసుకుని బండిలోకి ఎక్కించింది. పనిముట్ల పెట్టె కూడా తనే మోసింది. బండి తలుపు తీసి పట్టుకుంది.

“నడుం నొప్పిగా ఉందా వెండెల్? సీటు వెనక్కి వాల్చనా?”

“ఇప్పుడా అడగడం?” అన్నాడు వెండెల్.

మర్నాడు ఉదయం, వంతెన అవతల, అయోవా లైసెన్సున్న ప్లంబరు వెండెల్ తన అప్రెంటిస్‌కి మొదటి పని చెప్పాడు: “కాఫీ పట్రా బెవ్, చక్కెర వేసి.”