కోడిపెట్ట కాలికింద వానపాము

ఒక పెరట్లో అంట్ల నీళ్లు, స్నానాల నీళ్లు మడుగుకట్టి కంపు కొట్టేవి. ఆ నీళ్లు తాగి కోడిపెట్ట పిల్లల్లో రెండు చచ్చిపోయాయి. అది చూసి ఇంటావిడ గుంత తీయించి, అందులో కంకర పోసి, దానిమీద రంపపు పొట్టు పరిచి, వానపాముల్ని వదిలి, మురుగునీటిని అందులోకి మళ్లించింది.

కొన్నాళ్లకు కోడిపెట్ట ఆ పొట్టు గీరి, ఒక వానపామును కాలికింద అదిమిపట్టింది.

"తింటే తిను. కానీ ఆ మురికిని తినేది మేమే. మేం పోతే మడుగు మళ్లీ వస్తుంది," అంది వానపాము.

కోడిపెట్ట తల తిప్పి చూసింది. మడుగున్న చోట నేల పొడిగా ఉంది. మిగిలిన పిల్లలు అక్కడే గింజలు ఏరుకుంటున్నాయి. గుంతలోంచి తేటనీళ్లు అరటి పాదులోకి పోతున్నాయి. అది మెల్లగా కాలు తీసింది.

మధ్యాహ్నం పక్కింటి పుంజు గుంత గీరబోతే, కోడిపెట్ట రెక్కలు విప్పి అడ్డం నిలబడింది.

"వేరేచోట వెతుక్కో అన్నా. వీళ్లు నా పిల్లల్ని కాస్తున్నారు," అంది.