నలభై పువ్వుల సోఫా

సోఫాల కంపెనీ నుంచి వచ్చిన ఫోన్ పెట్టేసి కొత్త పెళ్లికూతురు గంతేసింది. "పరీక్షకి కంప్యూటర్లో చేసిన నా సోఫా బొమ్మ ఓకే అయిందండీ! ఉద్యోగం ఖాయం! బట్ట అచ్చం నిజందిలా ఉందట. గోధుమరంగు పువ్వులైతే అద్భుతమట!"

"పువ్వులా? మన దుప్పటి సాదాది కదా?" అన్నాడు భర్త.

నిజమే. మంచం మీది తెల్ల దుప్పటిని జానెడు మేర ఫోటో తీసి, ఆ ఒక్క ముక్కనే మళ్లీ మళ్లీ, అతుకు కనబడకుండా కంప్యూటర్లో సోఫా నిండా పరిచింది. ఇప్పుడు బొమ్మని పెద్దది చేసి చూసింది. జానెడుకో మరక. మొత్తం నలభై, అన్నీ కవలల్లా ఒకే పోలిక.

"టీ మరక! మంచం మీద టీ తాగనని నామీద ఒట్టేశారుగా?"

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. "ఒక్కసారే ఒలికింది..."

"నలభైసార్లు పట్టుబడ్డారు! సర్లెండి, రేపు పదింటికి ఆ బట్ట పట్టుకురమ్మన్నారు. అలాగే నేయిస్తారట."

భర్త ముఖం పాలిపోయింది. "పొద్దున నీకు తెలీకుండా ఉతికేశాను. మరక పూర్తిగా పోయింది."

ఆమె నడుమ్మీద చేతులు పెట్టుకుంది. అంత పెద్ద కంపెనీ మెచ్చిన కళాకారుడు ఎదురుగా గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"అయితే రేపు పొద్దున్నే టీ నేను పెడతాను. మంచమెక్కి పువ్వు పూయించడం మీ పని."