విమానానికి ఎదురు

“పడమర వైపు చూడండి మామ్మగారూ, ఇంకాసేపట్లో కనిపిస్తుంది,” అన్నాడు సాయి చరణ్, ఫోన్‌లో కదులుతున్న విమానం బొమ్మను చూపిస్తూ.

అరుణాదేవి చేతిలోని నిండు చెంబును సరిచేసుకుంది. చేవెళ్ల బజారులో బట్టల దుకాణం వాళ్లది. మోకాళ్ల నొప్పులతో గడప దాటడమే గగనమైన మనిషి, ఇవాళ సాయి చరణ్ చెయ్యి పట్టుకుని మిద్దె ఎక్కింది. పై గదిలో కిరాయికుంటూ గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆ కుర్రాడు, ఆమె కోసమే సెలవు పెట్టాడు.

హైదరాబాదులో పదేళ్ల బాబుకు గుండె మార్చాలి. ఆ గుండె పుణె నుంచి చిన్న విమానంలో వస్తోంది. ఆలస్యమైతే ఇక ఎందుకూ పనికిరాదు. కొడుకు ఆనంద్‌కుమార్, కోడలు నాలుగు రోజులుగా దవాఖానలోనే ఉన్నారు.

ఇంట్లో ఎవరు మంచి పని మీద బయల్దేరినా నిండు చెంబుతో ఎదురొచ్చేది అరుణాదేవే. మనవరాలు స్వప్నిక ఉద్యోగంలో చేరబోయిన రోజు పిల్లి అడ్డమొచ్చిందని, వెనక్కి పిలిచి మరీ రెండోసారి ఎదురొచ్చింది. అలాంటిది ఈ విమానానికి రాకుండా ఉంటుందా?

“దీనికి ఇంకో విమానం అడ్డం రాదు గద బిడ్డా?”

“రాదండీ. ప్రతి విమానం తానెక్కడుందో తనంతట తానే చెబుతూ ఉంటుంది. అది చూసుకుంటూ శంషాబాద్ వాళ్లు దారిస్తారు. ఇదిగో, మిగతావాటిని దూరంగా తిప్పుతున్నారు.”

“మొఖం తెల్వనోళ్లు ఇంత చేస్తున్నరు. వాళ్ల పిల్లాపాపలు సల్లగుండాలె.”

మబ్బు చాటు నుంచి విమానం బయటికొచ్చింది. అరుణాదేవి దానికి ఎదురుగా నాలుగడుగులు వేసి చెంబు పైకెత్తింది.

“జర పైలంగ పో తల్లీ!”

విమానం వాళ్లింటి మీదుగానే వెళ్లింది. సాయి చరణ్ రెప్ప వేయకుండా ఫోన్ చూస్తూ నిలబడ్డాడు.

“దిగింది మామ్మగారూ!”

చెంబు కింద పెట్టి, ఆమె ఆ ఫోన్‌కే చేతులు జోడించింది.

సాయంత్రం కొడుకు ఫోన్ చేశాడు. “అమ్మా, పిలగానికి ఆపరేషన్ అయ్యింది. గుండె మంచిగ కొట్టుకుంటున్నదంట.”

“దేవుడు సల్లగ చూసిండు. డాక్టర్లకు నా దండం చెప్పు. కోడలికి ఇంత అన్నం తినిపియ్యి.”

“మన ఇంటి మీదికెళ్లే పోయిందా అమ్మా?”

“పోయింది బిడ్డా. కండ్లార చూసిన. ఎదురొచ్చిన.”

అవతల పుణె దవాఖానలో ఆనంద్‌కుమార్ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇన్నాళ్లూ బిగబట్టుకున్న అరుణాదేవి కూడా ఇక ఆపుకోలేదు.

ఆ గుండె స్వప్నికది.