మాయమైన ఫైలు

"ఏదో మాయమైందంటోంది తమ్ముడూ! మొత్తం ఊడ్చుకుపోయిందేమో, కాస్త చూడు."

తమ్ముడు ఇంకా కుర్చీలో కూర్చోలేదు. ఆమె కంప్యూటర్ నల్ల తెర మీది ఆఖరి వరుసను వేలితో చూపించింది. వేలు తెరకు తగలనివ్వలేదు. తగిలితే ఉన్నది కూడా పోతుందని భయం.

ఆమె ఎంబ్రాయిడరీ డిజైన్లు గీస్తుంది. వేరే ఊళ్ళో సొంతంగా మిషన్లు పెట్టుకున్న కూతురు వాటిని కుట్టిస్తుంది. రోజూ సాయంత్రం ఏడింటికి ఆమె ఒక కమాండ్ కొడితే, ఇక్కడి ఫోల్డర్‌లో ఉన్నదంతా అక్కడి ఫోల్డర్‌కి చేరుతుంది. ఆ కమాండ్ నేర్పింది కూతురే. "ఆ మిషన్లతో మునిగిపోయాక మళ్ళీ నా గుమ్మం తొక్కకు" అని తల్లి నోరు జారక ముందు సంగతి అది. ఎనిమిది నెలలుగా డిజైన్లు వెళ్తూనే ఉన్నాయి. మాటలే లేవు. ఫోన్ చేద్దామంటే, కట్ చేస్తుందేమోనని గుబులు.

కాపీకి ఇరవై నిమిషాలు పడుతుంది. పొయ్యి మీది పాలకు కాపలా ఉన్నట్టు ఆమె అక్కడే కూర్చుంటుంది. ఊరికే కూర్చోలేక, అదే ఫోల్డర్‌లోని దారం రంగుల ఫైలు తెరిచి, కింద కూతురితో మాట్లాడినట్టు రాస్తుంది. మొన్న ఇలా రాసింది: 'ఒళ్ళు వెచ్చగా ఉంది. నీకు చెప్పనులే, కంగారు పడతావు.' కాపీ అయ్యాక సేవ్ చేయకుండానే మూసేస్తుంది. ఇవాళ మాత్రం గ్యాస్ కట్టేశానో లేదోనని మధ్యలోనే మూసి పరిగెత్తింది.

"కాపీ అవుతుంటే ఈ రంగుల ఫైలు ఎందుకు తెరిచావక్కా?"

"ఊరికే... చూసుకుందామని."

"తెరిచి ఉన్నంతసేపూ కంప్యూటర్ దాని పక్కనే ఒక టెంపరరీ ఫైలు పెట్టుకుని, సేవ్ చేయని మార్పులు అందులో దాచుకుంటుంది. నీకు కనబడదు. నువ్వు మూయగానే తీసేస్తుంది. కాపీ దాన్ని కూడా పట్టుకెళ్ళబోతుంటే సగంలో మూశావు కదా, ఇందాకటి ఫైలేదీ అని దీని గోల."

"అయితే డిజైన్లు?"

"భద్రం. పోయింది చెత్త."

"వట్టి చెత్తేనా?"

"దేనికీ పనికిరాదు. అలాంటివి వదిలేయమని కమాండ్‌కి ఒక ముక్క తగిలిస్తా. ఇక నిన్ను భయపెట్టదు."

"ఆ ముక్కతో ఇంకేదైనా పోతే?"

"అక్కా, నువ్వు పుట్టగానే ఏడ్చింది కూడా భయంతోనే అయ్యుంటుంది."

మర్నాడు ఏడింటికి ఆమె మళ్ళీ కూర్చుంది. జ్వరం తగ్గిందని, కొత్త డిజైన్లో ఆకులు సరిగా రాలేదని రాసింది. 'ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది' అని కూడా రాసింది. కాపీ సజావుగా పూర్తయింది. సేవ్ చేయకుండా మూసేసింది.

లేవబోతుంటే ఫోన్ మోగింది. కూతురి నంబరు.

ఇన్నాళ్ళకు అది ఫోన్ చేసిందంటే ఏదో ఘోరం జరిగే ఉంటుంది.

"ఏమైందే? దెబ్బలు తగిలాయా? ఆస్పత్రిలో ఉన్నావా? మిషన్లు కాలిపోయాయా? చెప్పవే!"

ఆమె చెవికి ఫోన్ నొక్కుకుని గోడకు ఆనుకుంది. కూతురు అడిగింది.

"అమ్మా, రెండ్రోజులుగా నీ ఉత్తరం రాలేదేం?"