చీమల సాక్ష్యం

"ఈసారి సున్నం మేస్త్రిని నేనే చూస్తాను. మీరు చూసింది చాలు," అంది కాసులమ్మ.

సన్యాసిరావు గుమ్మానికి కుడి పక్క గోడకి చెయ్యి ఆనించి చెప్పులు విప్పుతున్నాడు. పొద్దుటినుంచి బెల్లం బజారులో దిమ్మలు కాటాకెత్తి అప్పుడే ఇల్లు చేరాడు పాపం. భార్య మాటలో తప్పేమీ లేదు. నిరుడు ఆయన కుదిర్చిన మేస్త్రి వేసిన సున్నం మొదటి వానకే కాలవలో కలిసింది. మిగిలిన కాస్తా వచ్చిపోయేవాళ్ళ భుజాలకి అంటుకుని అనకాపల్లి అంతా తిరిగింది. తెల్లటి మరక కనిపిస్తే చాలు, "సన్యాసిరావింటికెళ్ళి వస్తన్నావేటి?" అని అడిగేవారు జనం.

"నువ్వు కుదిర్చినవాడి సున్నం కూడా కారిపోతే?" అన్నాడు చివరికి.

"కారిపోతే ఈ ఇంట్లో ఇంక నా మాటే లేదు. కూరలోకి ఉప్పెంతో కూడా మిమ్మల్నే అడుగుతాను. సరేనా?"

అంత పెద్ద పందెం ఆవిడ ఎన్నడూ కాయలేదు. సన్యాసిరావు లోపల్లోపల సంతోషించి ఒప్పుకున్నాడు.

మర్నాడు ఇద్దరు మేస్త్రీలు వచ్చారు. కశింకోట పరదేశి వస్తూనే మొదలెట్టాడు. "యుద్ధం రోజుల్లో వాల్తేరులో దొరల బంగళాలకి నానే సున్నం ఏసేనమ్మా. గోడ సూసి దొర నాతో సెయ్యి కలిపేడు!"

మునగపాక కొర్లయ్య తన గురించి ఏమీ చెప్పుకోలేదు. గోడని గోటితో గీకి, తల అడ్డంగా ఊపాడు.

"సున్నంలో ఏటి కలుపుతావు?" అని అడిగింది కాసులమ్మ.

"తుమ్మబంక కలుపుతానమ్మా. అది సాలు."

"అనకాపల్లిలో ఉండి బెల్లం కలపవా? మా పుట్టింట్లో బెల్లం నీళ్ళు పోసి వేసిన సున్నం ఇప్పటికీ పెచ్చు రాలలేదు."

కొర్లయ్య ఏదో చెప్పబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు. "తమ సిత్తం," అన్నాడు.

కాసులమ్మ ఇద్దరికీ చెరో పెద్ద బెల్లం ముక్కా ఇచ్చింది. గుమ్మానికి ఎడమ పక్క గోడ పరదేశికి, కుడి పక్కది కొర్లయ్యకి పంచింది. "బెల్లమంతా సున్నంలో కలిపి వెయ్యండి. ఎవరి గోడ బాగుంటే మిగతా ఇల్లు వాళ్ళది," అని చెప్పి లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఎదురుగా నిలబడితే ఎవడైనా కలుపుతాడు, చూడనప్పుడు కలిపేవాడే కావాలి అని ఆవిడ లెక్క.

సాయంత్రం సన్యాసిరావు వచ్చి, చెప్పులు విప్పుతూ రెండు గోడలూ మార్చి మార్చి చూశాడు. "రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఇంక ఏటి తేలుస్తావు?"

"రేపు చెప్తాను," అంది కాసులమ్మ.

తెల్లారి తలుపు తీస్తే కుడి పక్క గోడ మీద చీమలు! కింద అరుగు నుంచి బారుగా ఎక్కి, గుమ్మం దగ్గర అరచెయ్యంత మేర నల్లగా మూగి ఉన్నాయి. సన్యాసిరావు పడీ పడీ నవ్వాడు.

"నీ కొర్లయ్య సున్నంతోపాటు చీమల్ని కూడా పెంచుతాడేటే?"

"నవ్వండి, నవ్వండి. బెల్లం ఉన్నచోటికే చీమలొస్తాయి. మరి ఎడమ పక్క ఒక్క చీమైనా లేదేం?" అని కాసులమ్మ, ఫలితం తెలుసుకోవడానికి పొద్దున్నే వచ్చి నిలబడ్డ పరదేశి వైపు తిరిగింది. "నేనిచ్చిన బెల్లం ఏమయింది?"

పరదేశి బుర్ర గోక్కున్నాడు. "ఇంటికట్టుకెళ్ళేనమ్మా. పిల్లలు తినేసేరు."

కాసులమ్మకి కోపం రాలేదు సరికదా, తన తెలివికి తనకే ముచ్చటేసింది. పరదేశికి కడుపునిండా చద్దన్నం పెట్టి పంపేసి, ఇల్లంతా కొర్లయ్యకి అప్పజెప్పింది.

శ్రావణంలో జోరువాన పట్టుకుంది. వాన కురిసినంతసేపూ కాసులమ్మకి అన్నం సయించలేదు. తెరిపివ్వగానే బయటికి పరుగెత్తి, నల్లచీర కొంగుతో గోడని గట్టిగా రుద్దింది. కొంగుకి చుక్క తెలుపు అంటలేదు. సన్యాసిరావు తనూ భుజం రాసి చూసుకుని, "ఓడిపోయేను," అని ఒప్పేసుకున్నాడు. ఆ పూట కలిగినంత ఆనందం ఆవిడ కాపరానికొచ్చాక ఎన్నడూ ఎరగదు.

చీమలు మాత్రం రోజూ పొద్దున్నే అదే చోట మూగేవి. కాసులమ్మ వాటిని తుడవనిచ్చేది కాదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించి, కథంతా మొదటినుంచి చెప్పేది. పక్కింటి తలుపులమ్మ విని, "ఇంక అల్లుళ్ళని ఎంచడానికి కూడా నిన్నే పట్టుకెళ్ళాలి వదినా!" అంది. అని ఊరుకోలేదు, తన ఇల్లు కూడా కొర్లయ్యకే ఇచ్చింది.

ఒక సాయంత్రం కొర్లయ్య పెళ్ళాం అప్పాయమ్మ గిన్నెనిండా బూరెలు తెచ్చింది. "మా మనవడికి పుట్టెంటికలు తీయించేమమ్మా. తినండి."

కాసులమ్మ అరుగు మీద కూచుని ఒకటి కొరికింది. "ఎంత బాగున్నాయే! ఎక్కడి బెల్లం?"

"తమరిచ్చిందే కదమ్మా! ఇంత మంచి బెల్లం సున్నంలో పోత్తే కళ్ళు పోతాయి, గోడకి తుమ్మబంక సాల్లే అని మా ఆయన ఆ రోజే ఇంటికి తెచ్చీసేడు. ఇన్నాళ్ళూ దాసి ఉంచేను."

బూరె కాసులమ్మ నోట్లోనే ఆగిపోయింది.

"మరి ఆ చీమలు…" అంటూ గుమ్మం వైపు తిరిగి చూసింది.

అప్పుడే బెల్లం బజారు నుంచి వచ్చి, కుడి పక్క గోడకి చెయ్యి ఆనించి చెప్పులు విప్పుతున్న సన్యాసిరావు, ఆ జిగట చేతిని మెల్లగా తీసి వెనక్కి దాచుకున్నాడు.